బల్ల మీద సున్నా

బల్ల తుడవకుండా నా క్లాసు మొదలవదు. పైనుంచి కిందికి చూసే నా ఫోను కెమెరాకి మనిషి మొహం అక్కర్లేదు, బల్ల చాలు. ఆ బల్ల మీద ఎండిన కూర మరకో, కప్పు అడుగు వదిలిన గుండ్రటి చారో ఉందంటే, స్క్రీను మీద అది నేను చూపించే వస్తువుకంటే పెద్దగా కనపడుతుంది. పిల్లలు లెక్క వదిలేసి ఆ మరక కుందేలులా ఉందా, ఒంటెలా ఉందా అని వాదన పెట్టుకుంటారు. అందుకని మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక కంచాలు తీసి, మెతుకులు ఏరి, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, పాత తెల్ల దుప్పటి ముక్క పరిచి, నిచ్చెన పీటకి తాడుతో కట్టిన ఫోనుని సరిచేసుకుని, అప్పుడు తెరుస్తాను నా దుకాణం.

దుకాణం అని ఊరికే అనలేదు. మా నాన్నది గుడ్డల కొట్టు. బడి నుంచి వచ్చి గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని ఎక్కాలు రాసుకుంటూ పెరిగినదాన్ని. చూపించకుండా దేన్నీ అమ్మలేమని అక్కడే తెలుసుకున్నాను. మంచి గుడ్డండీ, గట్టి గుడ్డండీ అని ఎంత చెప్పినా వినేవాళ్ళ కళ్ళు గోడల వెంట తిరుగుతుంటాయి. అదే గుడ్డ తాను విప్పి భుజం మీద వేసి అద్దం ముందు నిలబెడితే, ఇంక నాన్న నోరు విప్పాల్సిన పనే ఉండేది కాదు. ఆయనకి ఇంకో పద్ధతి ఉండేది. గుడ్డలో ఎక్కడైనా పోగు తెగినా రంగు అంటినా, కొనేవాళ్ళ కంటపడేదాకా ఆగకుండా ఆ చోటే ముందు విప్పి చూపించేవాడు. "మరక మనమే చూపించాలమ్మా. దాచిపెట్టి అమ్మామా, ఆ మనిషి మళ్ళీ మన మెట్టెక్కడు" అనేవాడు. కొట్టు ఎత్తేసినప్పుడు బీరువాలూ బల్లలూ అన్నయ్య తీసుకున్నాడు. ఎవరికీ అక్కర్లేని గుండీల డబ్బా నాకు వచ్చింది. తెల్లవి చొక్కా గుండీలు, నల్లవి కోటు గుండీలు. "ఎమ్మెస్సీ చదివిన పిల్లకి పుట్టింటివాళ్ళు పెట్టింది గుండీలా!" అని మా అత్తగారు పడీపడీ నవ్వింది. ఇవాళ ఆ డబ్బా లేకపోతే నాకు ఉద్యోగం లేదు.

ఉద్యోగం అంటున్నాను గానీ, అదింకా చేతికి రాని సరుకే. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే సంస్థ ఒకటి నన్ను ఈ ఏడాదికి పరీక్షగా పెట్టుకుంది. ఏడాది చివర తల్లిదండ్రుల ముందు ఒక క్లాసు చెప్పాలి. నచ్చితే పర్మనెంటు, లేదా నమస్కారం. పెళ్ళయిన కొత్తలో నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. అత్తగారి మోకాలికి ఆపరేషను చేసినప్పుడు కొన్నాళ్ళు మానమన్నారు, మానేశాను. మోకాలు తిరిగొచ్చింది, ఉద్యోగం రాలేదు. మళ్ళీ ఇన్నేళ్ళకి ఈ అవకాశం వచ్చినప్పుడు మా ఆయన కాదనలేదు. "చేసుకో. పర్మనెంటు చేస్తే సరే. లేకపోతే మాత్రం ఆ బల్ల మాకు తిరిగిచ్చెయ్యాలి. భోజనాల బల్లని బడి చేస్తే ఇల్లు ఇల్లులా ఉండదు" అన్నాడు. ఆయన ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాడు, తలుపున్న గదిలో. నాకు తలుపు లేదు, మధ్యాహ్నం పూట బల్ల ఉంది. అది కూడా ఈ ఏడాదే. నాకు ఆ బల్ల కావాలి. ఈ కథలో నాకు కావలసింది అదొక్కటే.

సంస్థవాళ్ళు మాకు కదిలే బొమ్మల సాఫ్ట్‌వేరు ఇచ్చారు. ఆపిల్‌పళ్ళు గెంతుతాయి, అంకెలు మెరుస్తాయి, తప్పు చేస్తే కప్ప బెకబెకమంటుంది. పిల్లలు దాన్ని సినిమా చూసినట్టు చూసి, అయిపోగానే మర్చిపోతారు. ఆపిల్‌ ఎందుకు గెంతిందో ఎవరూ అడగరు, బొమ్మలు గెంతుతూనే ఉంటాయి కాబట్టి. అదే ఒక చెయ్యి నెమ్మదిగా వచ్చి, తెల్ల గుండీ ఒకటి తీసి, నల్ల గుండీ పక్కన పెట్టి, రెంటినీ కలిపి పక్కకి జరిపితే, వాళ్ళ కళ్ళు ఆ చేతి వెంట వెళతాయి. తర్వాత ఏం చేస్తుందో అని ఊపిరి బిగబడతారు. తాను విప్పేముందు కొనేవాళ్ళ మొహంలో ఉండే చూపే అది. కాబట్టి నేను కాగితాలు మడిచి భిన్నాలు చెప్పాను. తాడుకి ముళ్ళు వేసి కోణాలు చెప్పాను. చీపురుపుల్లలు పేర్చి సమాంతర రేఖలు చెప్పాను. అది చూసి అత్తగారు, "ఇల్లు ఊడ్చేదానికి పుల్లలు మిగల్చవే తల్లీ" అంది. ఆ మాట పిల్లలకి వినపడి వాళ్ళూ నవ్వారు.

చిక్కంతా మైనస్‌ని తీసెయ్యడం దగ్గర వచ్చింది. తెల్లది ప్లస్సు, నల్లది మైనస్సు, రెండూ కలిస్తే సున్నా. ఇంతవరకూ బాగానే పట్టుకున్నారు. ఐదులోంచి మైనస్‌ మూడు తీసేస్తే ఎనిమిది అనగానే గొడవ మొదలైంది. "తీసేస్తే తగ్గాలి కదా టీచర్, పెరుగుతుందేంటి?" అని ఒకడు. "మోసం టీచర్" అని ఇంకొకడు. అందరికంటే గట్టిగా పట్టుకున్నది అమ్మ ఫోన్‌. ఆ పిల్లకి సొంత ఫోను లేదు, తల్లి ఫోను నుంచి క్లాసులోకి వస్తుంది. స్క్రీను మీద పేరు దగ్గర 'అమ్మ ఫోన్‌' అని ఉంటుంది, అందుకని క్లాసంతా ఆ పిల్లని అలాగే పిలుస్తారు. మైకు తీసిందంటే వెనక గిన్నెల చప్పుడు, కుళాయి చప్పుడు వినపడతాయి. "టీచర్, తీసేశాక ఎక్కువైందని మీరు చెప్తున్నారు. నాకు కనపడట్లేదు" అంది. కొట్లో నుంచి వచ్చినదాన్ని, ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. సరుకు విప్పాను, కొనేమనిషి నాకేం కనపడలేదంది. ఇంకెలా చూపించాలి?

సరిగ్గా అప్పుడే ఒక చెయ్యి వచ్చింది. మా ఆయన గదిలోంచి ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడుతూ వచ్చి, తాగేసిన టీ కప్పుని నా తెల్ల దుప్పటి మీద, గుండీల నడుమ పెట్టి, మాట ఆపకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. నన్ను విసిగించాలని పెట్టలేదు. నా మీద కోపంతోనూ పెట్టలేదు. కప్పుకి ఆ బల్లే చోటు, అక్కడ పెడితే కాసేపట్లో దానంతటదే మాయమవుతుంది, అంతే ఆయనకి తెలిసింది. కప్పు అంచున పెదవి తడి ఉంది. అడుగున చక్కెర ఉంది. స్క్రీను మీద పిల్లలందరూ గొల్లుమన్నారు. "కప్పొచ్చింది! కప్పొచ్చింది!"

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఒక్క క్షణమే. బేరం చెడిపోతున్నప్పుడు చేతికి ఏది దొరికితే అదే సరుకు. "పిల్లలూ, కప్పు వచ్చాక బల్ల బాగైందా, చెడిందా?" అని అడిగాను.

"చెడింది!"

"అయితే కప్పు ప్లస్సా, మైనస్సా?"

"మైనస్సు టీచర్‌."

కప్పు తీసి కింద పెట్టాను. "ఇప్పుడు నేను తీసేశానా, పెట్టానా?"

"తీసేశారు."

"బల్ల బాగైందా, చెడిందా?"

అమ్మ ఫోన్‌ మైకు తెరుచుకుంది. వెనక కుళాయి కారుతోంది. "చెడ్డది తీసేస్తే మంచి ఎక్కువైనట్టే టీచర్‌. కనపడింది" అంది.

ఆ రోజు క్లాసు అయ్యాక కప్పు పట్టుకుని సింకు దగ్గర నిలబడ్డాను. కొత్తగా పాఠం చెప్పింది నేనే అయినా, అర్థం కావడం నాకూ అప్పుడే మొదలైంది. ఎప్పుడో ఒకసారి మా ఆయన చొక్కా ఇస్త్రీ కాలేదని, "ఇంట్లోనే ఉన్నావుగా, రోజంతా ఏం చేశావ్?" అన్నాడు. తిట్టలేదు, మామూలుగానే అడిగాడు. జవాబు కోసం ఇల్లంతా వెతుక్కున్నాను. చూపించడానికి ఏమీ లేదు. పక్కలు సర్ది ఉన్నాయి, పొద్దున కూడా సర్దే ఉన్నాయి. గిన్నెలు కడిగి ఉన్నాయి, నిన్నా కడిగే ఉన్నాయి. నేల శుభ్రంగా ఉంది, ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. ఒకరు మైనస్‌ పెట్టడం, నేను దాన్ని తీసెయ్యడం, చివరికి మిగిలేది సున్నా. సున్నా చూసినవాళ్ళు ఇక్కడేమీ జరగలేదనుకుంటారు. కొట్లో అయితే అమ్ముడుపోయిన తానుకి ఖాళీ అయిన చోటు ఉంటుంది, గుడ్డ చుట్టి ఉన్న అట్ట మిగులుతుంది. నేను రోజంతా చేసిన పనికి అట్ట కూడా మిగలదు. అది నా తెలివితక్కువతనం కాదు, ఆ పని లెక్కే అంత, అని కప్పు కడుగుతూ అర్థం చేసుకున్నాను. అర్థమయ్యాక బరువు తగ్గుతుందనుకుంటాం. తగ్గలేదు. ఇంతకుముందు ఊరికే అలసిపోయేదాన్ని, ఇప్పుడు లెక్క తెలిసి అలసిపోతున్నాను.

తర్వాత కప్పు తరచూ వచ్చింది. కప్పుతో పాటు అప్పుడప్పుడు కళ్ళజోడు, మందుల అట్ట, తినేసిన పండు తాలూకు తొక్క. నా చెవుల్లో ఇయర్‌ఫోన్‌ ఉంటుంది కాబట్టి పిల్లల కేకలు ఆయనకి వినపడవు. పిల్లలు ఎదురుచూడ్డం మొదలుపెట్టారు. "టీచర్‌, ఇవాళ కప్పు రాలేదా?" అని అడిగేవాళ్ళు. రాని రోజున వాళ్ళకి వెలితిగా ఉండేది. వచ్చిన రోజున నేను దాన్ని లెక్కలోకి దించేదాన్ని. తొక్క రెండు మైనస్సులు, కళ్ళజోడు ఒకటి. ఇంట్లో దొరికే ముడిసరుకుని వాడుకున్నాను, తప్పేముంది? అమ్మ ఫోన్‌ ఒకరోజు, "మా ఇంట్లో కూడా కప్పులొస్తాయి టీచర్‌. మా అమ్మ అన్నీ సున్నా చేస్తుంది" అంది. వెనక గిన్నెల చప్పుడు ఒక్కసారి ఆగింది. ఎవరో వింటున్నారని నాకు తెలిసింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

సంస్థవాళ్ళు ఆ మొదటి పాఠం ముక్కని కత్తిరించి తమ పేజీలో పెట్టారు. అది చేతులు మారి, మారి, మా ఆయన ఆఫీసులోకి చేరింది. ఆయన గదిలోంచి బయటికి వచ్చిన తీరు చూసి ఎవరో పోయారనుకున్నాను.

"ఇదేంటిది?" ఫోను నా మొహం ముందు పెట్టాడు. స్క్రీను మీద చెయ్యి వస్తోంది, కప్పు పెడుతోంది, పోతోంది. "నా చెయ్యి కదూ ఇది?"

"మీదే."

"మా మేనేజరు వాచీ చూసి గుర్తుపట్టాడు. మీటింగులో అందరి ముందూ, 'ఏవండీ మైనస్‌గారూ' అన్నాడు. నీకు తెలుసా నాకెలా ఉందో?"

"మీరు పెట్టిన కప్పే కదండీ. నేనేమీ కల్పించలేదు."

"ఇంట్లో పెట్టుకునే కప్పుని ఊరంతా చూపిస్తారా? ఇంటి గుట్టు అంటూ ఒకటి ఉంటుందా లేదా?" అత్తగారు కూడా అందుకుంది. "వాడు అలిసిపోయి కప్పు అక్కడ పెడితే లెక్కలు కడతావా? నేను ఎన్ని కప్పులు ఎత్తానో ఈ జన్మకి, ఎవరికైనా చూపించానా?"

ఆ మాట ఆమె గర్వంగానే అంది. నాకు మాత్రం ఎక్కడో చల్లగా తగిలింది.

మా ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి ఒక దారి కనిపెట్టాడు. "రేపు క్లాసులో చెప్పెయ్‌, ఆ చెయ్యి ఇంట్లో పనిచేసే మనిషిదని."

"పనిమనిషి టీ తాగి కప్పు టీచరు బల్ల మీద పెట్టి పోతాడా? టీచరు తీస్తుందా? ఎవరైనా నమ్ముతారా?"

ఆయనకి అప్పుడు నవ్వు రావాలి. రాలేదు. నాకు వచ్చింది, మింగేశాను.

మరునాడు సంస్థ నుంచి కోఆర్డినేటర్‌ అమ్మాయి ఫోన్‌ చేసింది. స్పీకర్లో పెట్టమన్నాడు ఆయన, ఆ కప్పు గురించి వాళ్ళు తప్పుపడతారనుకుని, క్షమాపణ అడుగుదామని గొంతు సవరించుకుని మరీ కూర్చున్నాడు. ఆ అమ్మాయి గలగలా మొదలుపెట్టింది. "మేడమ్‌, మీ కప్పు పాఠం సూపర్‌ హిట్‌! మావాళ్ళందరం అనుకుంటున్నాం, సార్‌ ఎంత సహకారం ఇస్తున్నారో అని. పాఠానికి తగ్గట్టు సరిగ్గా ఆ టైముకి కప్పు తీసుకొచ్చి పెట్టడమంటే మాటలా? ఎంతమంది మగవాళ్ళు అలా చేస్తారు? తల్లిదండ్రుల క్లాసుకి ఇదే పెడదాం. సార్‌ చేతిని కూడా పరిచయం చేద్దాం. 'మా వారు నా బోధనలో భాగస్వామి' అని మీరొక మాట చెప్పండి చాలు. ఇక పర్మనెంటు సంగతి నాకొదిలెయ్యండి."

నేను ఆయన వైపు చూశాను. నిన్న గుట్టు పోయిందని తిరిగిన మనిషి మొహం మెల్లగా విచ్చుకోవడం చూశాను. కొట్లో పక్కన పడేసిన పాత తాను ఇవాళ ఫ్యాషనని ఎవరో చెబితే, దుమ్ము దులిపి ముందు అరలో పెట్టినట్టు ఉంది. "దానిదేముంది అండీ, మావంతు మేమూ చెయ్యాలిగా" అన్నాడు ఫోనులోకి.

ఆ రోజు నుంచి కప్పు ఆయన పనైంది. పెట్టడం మాత్రమే. "నెమ్మదిగా పెట్టనా, టక్కున పెట్టనా?" అని సాధన చేశాడు. మేనేజరుకి ఫోన్‌ చేసి అది మేమిద్దరం కలిసి చేసిన ప్రయోగమని చెప్పుకున్నాడు. అత్తగారు పక్కింటావిడతో, "మావాడు దగ్గరుండి చెప్పిస్తున్నాడమ్మా లెక్కలు. లేకపోతే దీనివల్ల అవుతుందా" అంది. నేను పప్పు రుబ్బుతూ విన్నాను. ఎదురు చెప్పలేదు. బేరంలో నోరు ఎప్పుడు మూసుకోవాలో నాకు తెలుసు. అటు బల్ల ఉంది, ఇటు ఒక్క మాట. మనసులో తూచి చూసుకున్నాను. ఆ మాట చెప్పేస్తే ఏం పోతుంది? గాలిలో మాట. బల్ల మాత్రం నిజం. తలుపు లేకపోయినా, ఇన్నేళ్ళకి నాదే అయిన మధ్యాహ్నం. ఎటు చూసినా లాభసాటి బేరమే. మరి రాత్రి దుప్పటి కప్పుకున్నాక మా నాన్న తాను విప్పి, రంగు అంటిన చోటు వేలితో చూపిస్తూ ఎందుకు కనపడుతున్నాడో నాకు అర్థం కాలేదు.

తల్లిదండ్రుల క్లాసు రోజు వచ్చింది. కెమెరాకి కనపడేది మణికట్టు దాకానే అయినా ఆయన ఇస్త్రీ చొక్కా కావాలన్నాడు. చేశాను. కప్పు తీసుకెళ్ళి ఇస్తే తిప్పి చూశాడు. "మరకలున్న కప్పు బాగుండదు. అంతమంది పెద్దవాళ్ళు చూస్తారు. ఆ పూల కప్పు శుభ్రంగా కడిగి ఇవ్వు" అన్నాడు. మురికి కప్పుగా వేషం వెయ్యడానికి మంచి కప్పు కడిగి, తుడిచి, ఆయన చేతికి ఇచ్చాను. అత్తగారు మంచి చీర కట్టుకుని కెమెరాకి దొరక్కుండా నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన గుమ్మం దగ్గర కప్పుతో నిలబడ్డాడు. పెళ్ళిలో హారతి పళ్ళెం పట్టుకునే మనిషి కూడా అంత జాగ్రత్తగా నిలబడడు.

ఇయర్‌ఫోన్‌ వద్దు, సార్‌ కూడా వినాలి, స్పీకర్లో పెట్టండి అని కోఆర్డినేటర్‌ ముందే చెప్పింది. స్క్రీను నిండా గళ్ళు. గళ్ళలో పిల్లలు, వాళ్ళ వెనక నిలబడ్డ నాన్నలు. అమ్మలు కొందరు గడి అంచున సగం మొహంతో ఉన్నారు. అమ్మ ఫోన్‌ గడిలో పిల్ల ఒక్కతే ఉంది. నేను గుండీలు పరిచాను. తెల్లవి, నల్లవి. నా చేతులు ఎప్పటిలాగే నడిచాయి. కప్పు రావాల్సిన చోట ఆపి గుమ్మం వైపు తలూపాను. చెయ్యి వచ్చింది. నెమ్మదిగా, సొగసుగా, వాచీ మెరుస్తూ, పూల కప్పుని సరిగ్గా మధ్యలో పెట్టి, కాస్త తిప్పి పూలు కెమెరా వైపు ఉండేలా సర్ది, వెళ్ళింది. నాన్నలు చప్పట్లు కొట్టారు.

"మేడమ్‌, సార్‌ పరిచయం" అని కోఆర్డినేటర్‌ అందించింది.

నోరు తెరిచాను. ఆ మాట నాలుక చివరే ఉంది. అంతలో అమ్మ ఫోన్‌ చెయ్యి ఎత్తి మైకు తెరిచింది, వెనక కుళాయి పారుతోంది.

"టీచర్‌, ఈ కప్పు కడిగేసి ఉంది. ఇది ప్లస్సా, మైనస్సా?"

పెద్దవాళ్ళు నవ్వారు. పిల్లలు నవ్వలేదు. అది నిజంగా లెక్కే అని వాళ్ళకి తెలుసు.

"మంచి ప్రశ్న" అన్నాను. నా గొంతు నాకే కొట్టు గొంతులా వినపడింది, నిదానంగా, తొందర లేకుండా. "దీన్ని ఇక్కణ్ణుంచి ఎవరో ఒకరు తీసి లోపల పెట్టాలా, అక్కర్లేదా?"

"పెట్టాలి టీచర్‌."

"అయితే?"

"తీసేవాళ్ళకి మైనస్సే."

కప్పు వైపు చూశాను. పూలు చక్కగా ఉన్నాయి. దాని మీద ఎక్కడా మరక లేదు. మరక ఎక్కడుందో తెలిసింది నాకొక్కదానికే. ఇప్పుడు నేను ఆ ఒక్క మాట చెప్పి కప్పు తీసేస్తే బల్ల నాదవుతుంది, దాని మీద ఇన్నేళ్ళుగా జరిగింది మాత్రం మళ్ళీ సున్నా అయిపోతుంది. పైగా ఆ సున్నా మా ఇద్దరి ఉమ్మడి సరుకని చీటీ అంటించి, ఇంతమంది పిల్లలకి నేనే అమ్మినదాన్నవుతాను. బల్ల పోవచ్చు. తప్పు సరుకుతో నిలబెట్టుకున్న కొట్లో రేపు ఏ మొహంతో కూర్చోను?

"పిల్లలూ," అన్నాను, "ఇన్నాళ్ళూ ఈ చెయ్యి పాఠం చెప్పడానికి రాలేదు. కప్పు పెట్టడానికే వచ్చింది. ప్రతిసారీ నేను తీశాను కాబట్టి మీకు సున్నా కనపడింది. ఇవాళ తియ్యను. తియ్యకపోతే ఏమవుతుందో చూద్దాం."

రెండు చేతులూ వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. స్క్రీను మీద ఇప్పుడు తెల్ల గుడ్డ ఉంది, గుండీలు ఉన్నాయి, కప్పు ఉంది. చేతులు లేవు. బొమ్మ కదలకపోయేసరికి ఎవరో, "నెట్‌ ఆగిపోయిందా?" అన్నారు. "లేదు, టీచరు తియ్యట్లేదు" అని పిల్లలే చెప్పారు. ఫోను మీద కోఆర్డినేటర్‌ మెసేజ్‌ మెరిసింది, మేడమ్‌ ప్లీజ్‌ తీసెయ్యండి అని. గుమ్మంలోంచి మా ఆయన పళ్ళ బిగువున, "ఏం చేస్తున్నావ్‌? తియ్‌. తీసెయ్‌ త్వరగా" అన్నాడు. కప్పుకీ ఆయనకీ మధ్య నాలుగడుగుల దూరం కూడా లేదు. అక్కడే నిలబడి నన్ను తియ్యమంటున్నాడు.

గళ్ళలో నాన్నలు ఒకరి తర్వాత ఒకరు గొంతు సవరించుకున్నారు. బల్ల మీద కప్పు ఊరికే ఉంది. అంత చిన్న వస్తువు అంత చోటు ఆక్రమిస్తుందని నాకూ తెలియదు.

అప్పుడు ఇంకో చెయ్యి వచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి, వంకర తిరిగిన వేళ్ళు. మా అత్తగారు. ఆమె నన్ను కాపాడాలనుకోలేదు, కొడుకు పరువు కోసమూ కాదు. బల్ల మీద కప్పు ఉంది, ఎవరూ తియ్యడం లేదు, ఆ చేతికి అది భరించడం రాదు. ఆలోచన లేకుండానే చాపింది.

"టీచర్‌, ఇంకో చెయ్యి!" అని పిల్లలు అరిచారు.

ఆ చేతిని కప్పు చేరకముందే పట్టుకున్నాను. దుప్పటి మీద దించి, మీద నా చెయ్యి పెట్టాను. ఎముకలు తేలికగా ఉన్నాయి, పక్షివిలాగా. ఇన్నేళ్ళలో ఆమె చేతిని నేను పట్టుకోవడం అదే మొదలు.

"వద్దత్తయ్యా."

ఆమె కాసేపు గుంజుకుంది. తర్వాత వదిలేసింది. మా రెండు చేతులూ కప్పు పక్కనే, కదలకుండా, ఇన్ని ఇళ్ళ కళ్ళ ముందు. గుమ్మం వైపు నుంచి అడుగు ఒక్కటి కూడా పడలేదు. ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. ముసలితనంలో మొదటిసారి ఏదో అడుగుతున్న పిల్ల మొహంలా ఉంది.

"మరి ఎవరు తీస్తారే?" అంది.

మెల్లగానే అంది. మైకు ఆన్‌లో ఉంది. ఆపడానికి వేలు బటను దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. అమ్మ ఫోన్‌ గడిలో వెనక కుళాయి ఆగిపోయింది.